ఎండాకాలం కరెంటు బిల్లు తగ్గాలంటే ముందు డాబా ఎక్కాలి: మన ఇళ్లకు ఒక సమగ్ర మార్గదర్శి

మా ఇల్లు శ్రీకాకుళంలో, నాగావళికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. రెండు పడక గదులు, హాలు, వంటగది, పైన ఖాళీ డాబా. మే నెలలో రాత్రి పదకొండు దాటినా మా గదుల్లో వేడి తగ్గేది కాదు. గోడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా, పరుపు మీద చెయ్యి వేస్తే ఇంకా వెచ్చగా ఉండేది. "గాలి రావడం లేదు సరే, ఆ ఫ్యాను నిప్పులు చెరుగుతున్నాదేట్రా" అనేది మా అమ్మ. ఆ మాట భరించలేక పరుగున వెళ్లి ఏసీ కొన్నాను. పదడుగుల గదికి టన్నున్నర మిషను. దుకాణంలో అదే మంచిదన్నారు, నేనూ నమ్మాను. ఆ నెల బిల్లు చూశాక గానీ నేను పనిని తలకిందులుగా మొదలుపెట్టానని తెలియలేదు.

తర్వాతి రెండేళ్లలో ఒక్కొక్కటే సరిచేసుకుంటూ వచ్చాను. చేసిన పనులన్నీ మామూలువే, కానీ వాటి వరస చాలా ముఖ్యం. ముందు ఎంత కరెంటు ఎక్కడ ఖర్చవుతోందో చూడాలి. తర్వాత వేడిని ఇంట్లోకి రాకుండా ఆపాలి. ఆ తర్వాతే ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు సంగతి. ఏసీ ఇంకా తర్వాత. సోలారు అన్నిటికన్నా చివర. ఈ వరస తప్పితే పెద్ద ఏసీ, పెద్ద సోలారు కొని, తగ్గించుకోగలిగిన ఖర్చుకు పెట్టుబడి పెట్టినట్టు అవుతుంది.

మొదటి పని: బిల్లు చదవడం

బిల్లు చేతికి రాగానే అడుగున ఉన్న మొత్తం చూసి పక్కన పెట్టేస్తాం. ముందు చూడాల్సింది యూనిట్ల సంఖ్య. మన రాష్ట్రంలో ఇళ్లకు 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, 76 నుంచి 125 దాకా 4.50, 126 నుంచి 225 దాకా 6, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. శ్లాబు మారితే మొత్తం యూనిట్లకూ కొత్త రేటు పడుతుందని చాలామంది భయపడతారు. అలా కాదు. ఏ మెట్టు మీది యూనిట్లకు ఆ మెట్టు రేటే.

దీన్ని లెక్క వేసి చూడండి. 300 యూనిట్లు కాలిస్తే కరెంటు చార్జీ 57 + 135 + 225 + 600 + 656.25, మొత్తం 1,673 రూపాయల పైచిల్లర. అందులో చివరి 75 యూనిట్లకే 656 రూపాయలు. అంటే వాడకంలో పావు వంతు తగ్గిస్తే కరెంటు చార్జీ దాదాపు నలభై శాతం తగ్గుతుంది. ఫిక్స్‌డ్ చార్జీలు వేరుగా ఉంటాయి, వాటితో మనకు పనిలేదు. ఇంధన సర్దుబాటు పేరుతో యూనిట్‌కు ఇంత అని పడేవి మాత్రం యూనిట్లతో పాటే తగ్గుతాయి.

పోయిన ఏడాది బిల్లులన్నీ తీసి నెలనెలా యూనిట్లు ఒక కాగితం మీద రాసుకోండి. మా ఇంట్లో జనవరిలో 120 లోపే ఉండేది, మే నెలలో 300 దాటేది. ఆ తేడా అంతా ఎండదే. మీ ఇంట్లో జనవరికీ మేకీ పెద్ద తేడా లేకపోతే డాబా మీకు అంత తొందర పని కాదు, ఫ్రిజ్‌లోనో మోటారులోనో వైరింగులోనో లోపం వెతకాలి.

రెండో పని: మీటరు ముందు ఒక అరగంట

ఇప్పటి మీటర్ల మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కన 1600 అనో 3200 అనో అంకె ఉంటుంది. ఆ దీపం అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ ఖర్చయినట్టు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఏ పరికరమూ కొనకుండానే ఇంట్లో ప్రతి వస్తువూ ఎంత తింటోందో చెప్పేయవచ్చు.

3200 మీటరైతే పది మెరుపులకు ఎన్ని సెకన్లు పడుతుందో ఫోను గడియారంతో చూసి, 11,250ని ఆ సెకన్లతో భాగించండి. వచ్చేది వాట్లు. పది మెరుపులకు 75 సెకన్లు పడితే 150 వాట్లు. 1600 మీటరైతే 22,500ని భాగించాలి. లెక్కపెట్టేటప్పుడు మొదటి మెరుపును సున్నా అనుకుని మొదలుపెట్టండి, లేకపోతే ఒకటి తేడా వస్తుంది.

ఇంట్లో ఒకరు స్విచ్చుల దగ్గర, ఒకరు మీటరు దగ్గర ఉంటే పని తేలిక. ముందు అన్నీ ఆపేయండి. ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేయండి. ఇన్వర్టరు ఉంటే దానికి వచ్చే కరెంటు కూడా ఆపండి. అప్పుడు దీపం అసలు మెరవకూడదు. అయినా మెరుస్తుంటే ఎక్కడో కరెంటు కారుతోందని అర్థం. వానాకాలం తడిసిన గోడలోంచో, పాత మోటారు వైరులోంచో కారవచ్చు. అది డబ్బు సంగతి కన్నా ప్రాణం సంగతి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ రోజే చూపించండి. చేతిలో టెస్టరు ఉంది కదా అని మీరు తవ్వుకోవద్దు.

తర్వాత ఒక్కొక్కటే వేస్తూ రాసుకోండి. మా ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపి ప్లగ్గుల్లో ఉన్నవి మాత్రం అలాగే వదిలేస్తే మా 3200 మీటరులో ఒక మెరుపుకు నలభై సెకన్లు పట్టింది. అంటే 28 వాట్లు. సెట్‌టాప్ బాక్సు, వైఫై డబ్బా, రిమోటుతో ఆపేసిన టీవీ. ఎవరూ వాడకపోయినా రోజంతా నడిస్తే నెలకు 20 యూనిట్లు. టీవీ దగ్గర స్విచ్చు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి రాత్రి పడుకునే ముందు దాన్ని ఆపడం అలవాటు చేసుకున్నాం. మా ఇంట్లో ఒక్క రూపాయి ఖర్చు లేకుండా తగ్గిన మొదటి యూనిట్లు అవే.

మూడో పని: డాబా

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన ఇళ్లకు అసలు సమస్య ఇదే.

మన ఊళ్లు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం చుట్టూ ఉన్నాయి. అందువల్ల మే నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. జులై చివర్లో మళ్లీ ఒకసారి అలాగే వస్తాడు. అరసవల్లిలో మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ తొలి కిరణాలు స్వామి పాదాలను తాకేలా గుడి కట్టిన నేల ఇది. సూర్యుడు ఎప్పుడు ఎటు నుంచి వస్తాడో చూసి కట్టడం మన పెద్దలకు తెలుసు. అదే చూపుతో మన ఇంటిని చూస్తే, వేసవిలో దక్షిణపు గోడకు ఎండ పెద్దగా తగలదు. ఉదయం తూర్పు గోడకు, సాయంత్రం పడమటి గోడకు తగులుతుంది. రోజంతా తగిలేది మాత్రం డాబాకే.

నల్లబడ్డ పాత సిమెంటు, పడిన ఎండలో పావు వంతో అంతకు కాస్త ఎక్కువో వెనక్కి పంపి మిగతాదంతా పీల్చుకుంటుంది. మే మధ్యాహ్నం దాని ఒళ్లు 60 డిగ్రీల దాకా కాలుతుంది. నాలుగైదు అంగుళాల శ్లాబు గుండా ఆ వేడి కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటికన్నా సాయంత్రం ఆరింటికి, ఏడింటికి పైకప్పు ఎక్కువ కాలుతూ ఉంటుంది. బయట పైరగాలి మొదలయ్యే వేళకు ఇంట్లో పొయ్యి రాజుకుంటుంది. ఫ్యాను ఆ కప్పును ఆనుకున్న వేడి గాలినే కిందికి తోస్తుంది. మా అమ్మ అన్న మాటలో అక్షరం తప్పు లేదు.

పెంకుటిళ్లు ఎందుకు చల్లగా ఉండేవో గుర్తుచేసుకోండి. పెంకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోయేది. లావాటి మట్టిగోడలు ఉండేవి. చూరు కిందికి దిగి గోడకు నీడ పట్టేది. సముద్రం వారన పల్లెల్లో ఇంకా అక్కడక్కడా మిగిలిన చుట్టిళ్లలో మధ్యాహ్నం పూట కాసేపు కూర్చుని చూడండి, తేడా తెలుస్తుంది. డాబా ఇంటికి ఆ సందులు లేవు, ఆ చూరు లేదు. అందుకని ఎండను పైనుంచి పైనే వెనక్కి పంపాలి.

చవకైన దారి సున్నం. ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో, మంచు తగ్గి ఎండ ముదరక ముందు వేసుకోవాలి. ముందు డాబాను ఇనుప బ్రష్షుతో గట్టిగా రుద్ది, పాచి, నల్లమరక, ఊడే పొక్కులు అన్నీ తీసేయండి. సున్నం పట్టకుండా రాలిపోతోందంటే నూటికి తొంభై పాళ్లు ఈ పని సరిగ్గా చేయకపోవడమే కారణం. పగుళ్లు ఉంటే ముందే పూడ్చి ఆరనివ్వండి. సున్నంతో లీకు ఆగదు.

పొడి సున్నాన్ని ముందురోజు రాత్రి డ్రమ్ములో నీళ్లు పోసి నానబెట్టాలి. రాతి సున్నమైతే నీళ్లలోకి సున్నాన్ని కొంచెంకొంచెంగా వేయాలి తప్ప సున్నం మీద నీళ్లు పోయకూడదు. అది సలసలా మరిగి మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి, పిల్లల్ని దగ్గరకు రానివ్వవద్దు. పొద్దున్నే పాత పంచె గుడ్డలో వడకట్టి, ఫెవికాల్ లాంటి బంక కొద్దిగా నీళ్లలో కరిగించి కలపండి. మా 600 చదరపు అడుగుల డాబాకు రెండు పూతలకు 25 కిలోల సున్నం, కిలో బంక సరిపోయాయి. చిక్కదనం పలచటి మజ్జిగలా ఉండాలి. చిక్కగా వేస్తే తెల్లగా కనిపిస్తుంది గానీ ఎండకు పొరలుపొరలుగా లేచిపోతుంది.

డాబాను ముందు నీళ్లతో తడిపి, తడి ఉండగానే వెడల్పాటి బ్రష్షుతో మొదటి పూత వేయండి. ఎండ రాకముందు, అంటే ఆరింటికే మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు దిగిపోండి. వేసేటప్పుడు ఇది నీళ్లలాగే కనిపిస్తుంది. "ఇది తెల్లబడుతుందా?" అని మా పనివాడిని రెండుసార్లు అడిగాను. ఆరాక గానీ తెలుపు తేలదు. మొదటి పూత తూర్పు పడమరలుగా వేస్తే, మర్నాడు రెండోది ఉత్తర దక్షిణాలుగా వేయండి. ఆ సాయంత్రం లేతగా నీళ్లు చిలకరిస్తే గట్టిపడుతుంది.

వానాకాలం అయ్యాక సున్నం సగం కొట్టుకుపోతుంది, కనుక ఏటా వేయాలి. ఏటా శ్రమ వద్దనుకుంటే చల్లదనం పెయింట్లు దొరుకుతాయి. ఖర్చు చాలా ఎక్కువే, కానీ మూడు నాలుగేళ్లు ఉంటాయి, నీటిని కూడా కొంత ఆపుతాయి. కొత్తగా ఇల్లు కడుతుంటే మాత్రం పైన తెల్లటి టైల్సు పరిపించండి, అంతకన్నా మేలైనది లేదు. ఏది వేసినా తడిస్తే జారుతుందని గుర్తుంచుకోండి. డాబా నీళ్లు పట్టుకుని వాడేవాళ్లు మొదటి రెండు మూడు వానల నీళ్లు వదిలేయాలి.

మేం సున్నం వేసిన మొదటి ఏడాది ఒక గదికి వేసి, ఒక గదికి వేయకుండా పది రోజులు చూశాను. గోడ గడియారం పక్కన పెట్టిన మామూలు థర్మామీటరులో రాత్రి తొమ్మిదింటికి మూడు డిగ్రీల తేడా కనిపించింది. పైకప్పు మీద చెయ్యి ఆనిస్తే ఒకటి కాలుతోంది, ఒకటి లేదు. మా అమ్మ అడక్కుండానే మంచం ఆ గదిలోకి మార్పించుకుంది.

సిమెంటు రేకుల ఇళ్లకు ఇది ఇంకా అవసరం. రేకు పలచన కనుక వేడి గంటల తరబడి ఆగదు, వెంటనే దిగుతుంది. పైన తెల్ల పెయింటు, లోపల రేకుకు అడుగు కిందగా ఒక తడికో సీలింగో ఉంటే చాలా మారుతుంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తులకు హాని. వాటిని పొడిగా గీకడం, రంపంతో కోయడం, చిల్లులు పెట్టడం చేయవద్దు. నీళ్లు పోసి మెత్తటి చీపురుతో కడిగి రంగు వేయండి. రేకు మీద అడుగు పెట్టవద్దు, నిచ్చెన మీద నుంచో అడ్డంగా వేసిన బల్ల మీద నుంచో వేయాలి.

కొబ్బరాకుల పందిరి, ఆకుపచ్చ షేడ్ నెట్ కూడా బాగా పనిచేస్తాయి. కానీ మనది తుపానుల తీరం. ఎండలు తగ్గగానే విప్పేయండి. అక్టోబరు దాకా అలా ఉంచితే గాలికి లేచి పక్కింటి మీద పడుతుంది.

నాలుగో పని: పడమటి గోడ, కిటికీలు

డాబా తర్వాత పడమటి గోడ. ఇంటికి పడమర నాలుగడుగుల జాగా ఉంటే వెదురు కట్టి ఆనప పాదో, చిక్కుడు పాదో, బీర పాదో ఎక్కించండి. గోడకు ఒక అడుగు ఎడంగా పందిరి ఉండాలి. ఆ సందులో గాలి ఆడితేనే లాభం, గోడకు అంటుకుంటే తేమ పడుతుంది. పాదు ఎదిగి గోడను కమ్మడానికి రెండు నెలలు పడుతుంది, కనుక ఫిబ్రవరిలోనే విత్తనం వేయాలి. జాగా లేనివాళ్లు గోడకు లేత రంగు వేయించి, పడమటి కిటికీకి బయట వైపు తడిక కట్టండి. కర్టెన్ లోపల వేస్తే ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేశాక ఆపినట్టు. బయట కట్టిన గోనె పట్టా అయినా లోపలి ఖరీదైన కర్టెన్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

కిటికీలు ఎప్పుడు తీయాలన్నది కూడా ముఖ్యం. వేసవిలో పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఎండ వైపు కిటికీలు మూసి, పైరగాలి తిరగ్గానే ఎదురెదురు కిటికీలు రెండూ తెరవండి. గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు నుంచి పోవాలి. ఒకటే తెరిస్తే గాలి లోపలికి రాదు. దోమల తెరలు మన దగ్గర తప్పవు. వాటికి దుమ్ము పట్టి మూసుకుపోతే గాలి సగం ఆగిపోతుంది. మా హాలు కిటికీ తెర విప్పి సబ్బు నీళ్లతో కడిగినప్పుడు దిగిన మురికి చూసి, ఇన్నాళ్లూ గాలి రావడం లేదని ఫ్యానును తిట్టుకున్నందుకు బాధపడ్డాను. నెలకోసారి కడుగుతున్నాం.

కూలరు గురించి అడుగుతుంటారు. కూలరు నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఆవిరి కాదు. కళింగపట్నం, బారువ, భోగాపురం లాంటి సముద్రం వారన ఊళ్లలో కూలరు పెడితే ఉక్క ఇంకా పెరుగుతుంది. లోపలి ఊళ్లలో, బొబ్బిలి వైపు, వడగాలి కొట్టే పొడి మధ్యాహ్నాల్లో పనికొస్తుంది. అప్పుడు కూడా కిటికీ తెరిచి ఉంచాలి.

ఐదో పని: ఫ్యాన్లు, దీపాలు

మన ఇళ్లలో ఎక్కువ గంటలు తిరిగేది ఫ్యానే. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తింటుంది. బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే బ్రష్షులు లేని, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు ఉన్నది, 30 వాట్ల చుట్టూ. రోజుకు పద్నాలుగు గంటలు తిరిగితే పాతది నెలకు 31 యూనిట్లు, కొత్తది 13 లోపు. నాలుగు ఫ్యాన్లున్న ఇంట్లో అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు. రాత్రంతా తిరిగే పడక గది ఫ్యానును ముందు మార్చండి, ఎప్పుడో గాని వేయని గది ఫ్యానును అలాగే ఉంచండి. ఈ ఫ్యాన్లకు రిమోటు ఉంటుంది, పాత రెగ్యులేటరును తీయించి నేరుగా స్విచ్చుకు కలిపించాలి. గోడ మీద పెద్ద డబ్బాలాంటి పాత రెగ్యులేటరు ఉంటే అది ఫ్యాను వేగం తగ్గించి, మిగిలిన కరెంటును వేడిగా వదిలేస్తుంది. ముట్టుకుంటే తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుకు ఆ బెడద లేదు.

ఇంట్లో ఇన్వర్టరు ఉన్నవాళ్లకు ఇంకో లాభం. కరెంటు పోయినప్పుడు అదే బ్యాటరీ మీద ఫ్యాను రెట్టింపు సేపు తిరుగుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చి వెళ్లాక రోజుల తరబడి చీకట్లో గడిపినవాళ్లకు దీని విలువ చెప్పక్కర్లేదు.

దీపాల సంగతి క్లుప్తంగా: ట్యూబ్‌లైటుకు 40 వాట్లు అని రాసి ఉన్నా పాత చోక్‌తో కలిపి 50 దాటుతుంది, 20 వాట్ల ఎల్ఈడీ దానికి బదులు చాలు. పూజగదిలో, వీధి గుమ్మం మీద ఇంకా పాత బల్బులు మిగిలాయేమో చూడండి.

ఆరో పని: ఫ్రిజ్, మోటారు, గీజరు

ఫ్రిజ్ తలుపు రబ్బరుకు ఒక పరీక్ష ఉంది. కాగితం సందులో పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు వదులైంది, మార్పించాలి. వెనక గోడకు జానెడు దూరం ఉండాలి, పొయ్యి పక్కన ఉండకూడదు. పాత రకం ఫ్రిజ్‌లో మంచు వేలెడు మందాన పేరుకునేదాకా ఆగవద్దు. కొత్తది కొనేటప్పుడు స్టార్ల కన్నా ఆ చీటీ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని రాశారో చూడండి. ఒకే స్టార్లున్న పెద్ద ఫ్రిజ్ చిన్నదానికన్నా ఎక్కువే తింటుంది.

మోటారు చాలామంది పట్టించుకోని చోటు. ఒక హెచ్‌పీ మోటారు నడిస్తే గంటకు దాదాపు యూనిట్ ఖర్చవుతుంది. ట్యాంకు నిండటానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గోడ మీద పెన్సిలుతో తేదీ వేసి రాయండి. మా ట్యాంకు పాతిక నిమిషాలకు నిండేది, ఒక ఏడాది నలభై నిమిషాలకు పెరిగింది. నీళ్లు తగ్గాయనుకున్నాను. చూస్తే పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు కారుతోంది, కండెన్సరు బలహీనపడింది. రెండూ మార్చాక మళ్లీ పాతిక. ట్యాంకు పొర్లి వీధిలో నీళ్లు పారేదాకా మోటారు నడపడం ఆగాలంటే ఆటోమేటిక్ స్విచ్చు పెట్టించండి. వేసవి సాయంత్రాలు వోల్టేజీ పడిపోయినప్పుడు మోటారు వేయవద్దు, ఎక్కువ కరెంటు లాగి వైండింగు కాలిపోతుంది. తెల్లవారుజామున వేసుకోండి.

గీజరులో ఒక బకెట్టు, ఇరవై లీటర్ల నీళ్లు, ఇరవై డిగ్రీలు వేడెక్కడానికి అర యూనిట్ కావాలి. నలుగురుంటే రోజుకు రెండు. వరసగా స్నానాలు చేసి ఆపేయండి, గంటల తరబడి వేసి ఉంచవద్దు. వేసవిలో డాబా మీది నల్ల ట్యాంకు నీళ్లు సాయంత్రానికి కావలసినంత వేడిగా ఉంటాయి.

ఏడో పని: ఏసీ

పై పనులన్నీ అయ్యాక కూడా ఏసీ కావాలనిపిస్తే అప్పుడు కొనండి. పదడుగుల గదికి టన్ను చాలు. నా టన్నున్నర మిషను చేసిన తప్పేమిటంటే గదిని పది నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోయేది. గాలిలోని తేమను లాగడానికి దానికి సమయమే చిక్కేది కాదు. గది చల్లగానే ఉండేది, ఒళ్లు మాత్రం జిడ్డుగా ఉండేది. దాంతో ఇంకా తగ్గించి 20లో పెట్టేవాళ్లం. మన తీరంలో బాధ సగం తేమది. అందుకే గదికి సరిపోయే సైజు ఇన్వర్టరు ఏసీ, ఆగి ఆగి కాకుండా నెమ్మదిగా నడుస్తూ ఉండటం మంచిది. ఏసీ చీటీ మీది ఏడాది యూనిట్లను 1600 గంటల వాడకానికి లెక్కకడతారు. ఆ అంకెను 1600తో భాగిస్తే గంట ఖర్చు సుమారుగా తెలుస్తుంది.

2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన ఉంది. దాన్ని కిందికి దింపకుండా, 26కు పెంచి ఫ్యానును రెండులో పెట్టండి. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుంది. తలుపు కింద సందుకు పాత చీరను చుట్టి అడ్డం పెట్టండి. ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడగాలి. సముద్రానికి దగ్గరైతే బయటి యూనిట్‌ను ఉప్పుగాలి తినేస్తుంది. రాగి కాయిల్, తుప్పు పట్టని పూత ఉన్నది అడగండి, వేసవి అయ్యాక మంచినీళ్లతో కడిగించండి. శ్రావణ భాద్రపదాల్లో వేడి లేకపోయినా ఉక్క ఉన్న రాత్రుల్లో రిమోటు మీద ‘డ్రై’ అని ఉన్నది నొక్కితే తక్కువ కరెంటుతో తేమ పోతుంది.

ఎనిమిదో పని: సోలారు

ఇప్పుడు మళ్లీ బిల్లులు చూసుకోండి. వాడకం 300 నుంచి 200కు వచ్చి ఉంటే మూడు కిలోవాట్ల బదులు రెండు చాలు. కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి, డాబా మీద దాదాపు వంద చదరపు అడుగులు కావాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాటుకు 30,000 చొప్పున రెండు కిలోవాట్లకు 60,000, మూడు లేదా ఆపైన 78,000 సబ్సిడీ. దరఖాస్తు పథకం పోర్టల్లో మీ పేరు మీదున్న సర్వీసు నంబరుతో పెట్టాలి. బిల్లు ఇంకా తాతగారి పేరునే ఉంటే ముందు పేరు మార్పించుకోండి.

సోలారు పెట్టించుకుంటే కరెంటు పోయినా ఇంట్లో దీపాలు వెలుగుతాయని మాకు ఒకరు గట్టిగా చెప్పారు. మామూలుగా లైనుకు కలిపే సోలారు, లైనులో కరెంటు లేకపోతే తనంతట తానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్ ప్రాణం కాపాడటానికి అలా చేస్తారు. తుపాను తర్వాత కూడా కరెంటు కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ రకం కావాలి, దాని ఖర్చు వేరు. కొనేముందు ఈ ప్రశ్న అడిగి జవాబు కాగితం మీద రాయించుకోండి.

పక్కింటి కొబ్బరి చెట్టు నీడ ఒక్క పలక మీద పడినా, దానితో వరసగా కలిపిన పలకల దిగుబడి కూడా పడిపోతుంది. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం మూడింటికి డాబా మీద నిలబడి నీడలు చూశాకే చోటు తేల్చుకోండి. పలకలు దక్షిణం వైపు వాలి ఉండాలి. డాబా పూత పని వాటికి ముందే పూర్తి కావాలి, తర్వాత కింద బ్రష్షు తిప్పడానికి చోటుండదు.

ఇక గాలి. నిర్మాణాల లెక్కల్లో విశాఖకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా తీసుకుంటారు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన రోజున ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో చూసినవాళ్లం. పలకల స్టాండు గాల్వనైజ్డ్ ఇనుముదై ఉండాలి, కాళ్లు కాంక్రీటు దిమ్మెల్లో కూర్చోవాలి, దిమ్మె చుట్టూ నీరు దిగకుండా పూత వేయాలి. ఎత్తైన స్టాండు కింద నీడకు బాగుంటుంది గానీ గాలిని ఎక్కువ పడుతుంది, మన దగ్గర తక్కువ ఎత్తే మేలు.

ఏటా సెప్టెంబరులో ప్రతి బోల్టూ స్పానరుతో బిగించి చూడండి, తుప్పు పట్టినవి మార్పించండి. తుపాను హెచ్చరిక రాగానే సోలారు ఇన్వర్టరు (పలకల కరెంటును ఇంట్లో వాడేలా మార్చే డబ్బా) పక్కనున్న రెండు స్విచ్చులూ, పలకల వైపుదీ ఇంటి వైపుదీ ఆపేయండి. గాలి తగ్గాక పలక పగిలి కనిపిస్తే దగ్గరకు వెళ్లి తీయబోవద్దు. విరిగిన పలక కూడా పగటి వెలుగులో కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. డాబా తలుపుకు తాళం వేసి, పెట్టినవాళ్లు వచ్చేదాకా పిల్లల్ని పైకి పోనివ్వకండి.